స్లో మోషన్‌లో కుంటని పొట్టేలు

ఉదయగిరి చుట్టుపక్కల జీవాలు సాకేవాళ్లకు కేశవ అంటే పోలయ్య కొడుకు. నడినెత్తిన జుట్టు పలచబడినా, సొంతంగా గొర్రెల బేరాలు చేస్తున్నా అతని పూర్తి పేరు అదే. పోలయ్య పొట్టేలును అమ్మే ముందు పలుపు వదిలి, గట్టినేల మీద నడిపించి, తాను పక్కకు తప్పుకునేవాడు. కొనేవాడు వెనక నిలబడి తనివితీరా చూసుకోవాలి. వాడి కంటికి ఆనని లోపం ఉంటే తానే చెప్పేవాడు: "ఎడమ కాలు తేడా ఉండాది. ఇష్టమైతే తీసుకో, లేకుంటే మజ్జిగ తాగి పో."

కొడుకు కాలానికి గట్టినేల ఫోన్లోకి మారింది. వాట్సాప్ గ్రూపులో వీడియో పెడితే ఆత్మకూరు నుంచీ, చేజర్ల నుంచీ గిరాకీ. అయితే పొట్టేళ్లకు కెమెరా మర్యాద తెలియదు. గబగబా నాలుగడుగులు వేసి గడ్డిలో మూతి పెడతాయి. ఈ సంకటానికి విరుగుడుగా కేశవకు ఒక వెబ్‌సైటు దొరికింది. వీడియో ఎక్కించి, వేగం గీత మీది చుక్కను వెనక్కి జరిపితే చాలు, ఉచితంగా స్లో మోషన్ చేసి ఇస్తుంది. ప్రతిఫలంగా బొమ్మ మూలన తన పేరు వేసుకుంటుంది. గుడికిచ్చిన ఫ్యానయినా రెక్కల మీద దాత పేరు లేనిదే తిరుగుతుందా?

మొదటి ప్రయత్నంలో ధ్వని కూడా సాగింది. పొట్టేలు అరుపు గుహలోంచి వచ్చిన మూలుగులా వినబడి, భార్య గోపిక పొయ్యి దగ్గరి నుంచి "ఎవురికేమాయ?" అని పరిగెత్తుకొచ్చింది. ఆ తర్వాత అరుపు తీసేసి నాదస్వరం పెట్టాడు. ఇక చూడాలి. దుమ్ము మేఘంలా లేచేది, చెవులు వింజామరల్లా వీచేవి. నడిచేది గొర్రె కాదు, పట్టాభిషేకానికి బయలుదేరిన యువరాజు.

అలా ఉండగా అతని మందలో ఒక పొట్టేలు వెనక కాలు కుంటడం మొదలుపెట్టింది. మొహాన నల్లమచ్చలు, మంచి ఎత్తు, ఆ కాలొక్కటే శత్రువు. ఊరికే చూద్దామని వీడియో తీసి నిదానం చేశాడు. కుంటు మాయం! ఎగిరిపడే అడుగు సాగి సాగి రాజసంగా మారిపోయింది. అప్పుడు కేశవ తనలోనే ఒక న్యాయసభ కొలువు తీర్చాడు. వాది లేడు, ప్రతివాదీ న్యాయమూర్తీ తానే. పొట్టేలు నడిచిన మాట నిజమా? నిజం. నాలుగు కాళ్లూ కనబడుతున్నాయా? కనబడుతున్నాయి. మరి దాచిందేమిటి? ఏమీ లేదు. సభ ముగిసింది, వీడియో గ్రూపులో పడింది.

అనంతసాగరం దగ్గరి పల్లె నుంచి మాలకొండమ్మ ఫోన్ చేసింది. తన మందకు పొట్టేలు కావాలంది.

"వచ్చి చూసుకోమ్మా" అన్నాడు కేశవ, రాకుంటే బాగుండునని కోరుకుంటూ.

"పోలయ్య కొడుకువి, నీ కాడ చూసేదేంది? ఆటో ఎక్కించు."

ఎక్కించాడు. కొన్నాళ్లకు మళ్లీ ఆమె ఫోన్. తిట్లకు సిద్ధపడి ఎత్తాడు.

"నాయనా, ఏమీ అనుకోబాక. బంగారట్టా పొట్టేల్ని పంపిస్తివి, మేం చెడగొట్టుకున్నాం. ఆటోలోంచి దించేటప్పుడు మా ఆయన కాలు లాగినాడు. కుంటతా ఉండాది. పసుపు, ఆముదం పట్టించినా. ఒకసారి వచ్చి చూస్తావా?"

తిట్లకు కేశవ దగ్గర జవాబు తయారుగా ఉంది. క్షమాపణకు లేదు. "వస్తాలేమ్మా" అన్నాడు.

దారి పొడవునా ఒకటే తీర్మానం: తప్పెవరిదన్న చర్చలోకి దిగకుండా కట్టు కట్టి వచ్చేయాలి.

వాకిట్లో కోడికూర వాసన. మాలకొండమ్మ మంచం వాల్చింది. ఆమె భర్త సిద్ధయ్య దూరంగా దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఆ మనిషితో మాటలు మానేసినా" అందామె.

"నేను కాలు పట్టుకోలేదబ్బా" అన్నాడు సిద్ధయ్య. "నడుం పట్టి దించినా. దిగినప్పుడే కుంటింది."

"సిద్ధయ్య మామ దించితే ఏనుగైనా కుంటతాది!" ప్రహరీ అవతలి నుంచి ఎవరో అన్నారు. వీధి నవ్వింది.

"నేను చూపిస్తే చూడడు. నాయనా, నువ్వే ఆ వీడియో పెట్టి ఈయన నోరు మూయించు" అంది మాలకొండమ్మ.

కేశవ పెట్టాడు. నాదస్వరం మోగింది. చుట్టూ జనం మూగి "ఏం నడకరా!" అన్నారు. సిద్ధయ్య చివరిదాకా చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, భార్యతో మెల్లగా అన్నాడు: "నా చేతిలోనే పోయిందేమోలే. తప్పయిపాయ."

కట్టు కట్టి జారుకోవాలన్న తీర్మానం అక్కడ వీగిపోయింది. కేశవ ఫోన్లో మరో వీడియో తెరిచాడు. "ఇది మొదట తీసింది. అది... నిదానం చేసింది."

ఇందులో సంగీతం లేదు. పొట్టేలు అడుగడుక్కీ ఒరుగుతోంది. వెనక నుంచి కేశవ గొంతే స్పష్టంగా వినబడింది: "నడవరా కుంటోడా!"

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది కేశవకు. మాలకొండమ్మ అతని వైపు చూడనైనా లేదు. "పొద్దున్నుంచీ తిన్లేదు, లేచి రా" అంది మొగుడితో.

"నేను పోతానమ్మా. పొట్టేల్ని తీసకపోతా, నీ దుడ్లు..."

"తిని పో" అన్నాడు సిద్ధయ్య. "నీ కోసరమే కోసినాం."

తిన్నాడు. సిద్ధయ్య మంచి ముక్కలు ఏరి అతని కంచంలోకే వేశాడు. మాలకొండమ్మ అన్నం వడ్డించింది, మాట వడ్డించలేదు.

పలుపు పట్టుకుని ఆటో కోసం బయలుదేరితే సిద్ధయ్య సాగనంపడానికి వెంట వచ్చాడు. మొదటి గడపలోనే ఒక ముసలామె అడిగింది: "ఏమాయరా దానికి? కుంటతా ఉండాదే?"

"నేనే అవ్వా, దించేటప్పుడు..." అన్నాడు సిద్ధయ్య, అతిథి పరువు కాపాడుతూ.

"కాదవ్వా" కేశవ అడ్డుపడ్డాడు. "నా కాడే కుంటతా ఉన్నింది. చెప్పకుండా అమ్మినా."

తరువాతి గడపలోనూ అదే ప్రశ్న. ఆ వీధిలో ఇళ్లు చాలా ఉన్నాయి. పొట్టేలు ఏమాత్రం తొందరపడలేదు.