అమ్మోరికి కోసిన వేపాకు

పుంగనూరులో మా వీధి వెనక మున్సిపాలిటీ ఖాళీ స్థలం ఒకటుంది. ఏళ్ల తరబడి అందులో చెత్త పోశాం. పోసినవాళ్లమే ఒక వేసవిలో నడుం కట్టి బాగుచేశాం. కుప్పం దగ్గరి నర్సరీ నుంచి తెచ్చిన వేప మొక్కలు అంచుల వెంట నాటాం. మధ్యలో వంగ, టమేటా వేశాం. బోరు లేదు. కుళాయి వచ్చిన రోజు ఆడవాళ్లు ఇంటికి పట్టుకున్నాక ఆఖరి బిందె మొక్కలకు మోసేవాళ్లు. అందరికంటే ఎక్కువ మోసింది మా ఎదురింటి మేకలామె. ఆ మొక్కల కోసమే తన మేకలను ఎప్పుడూ కట్టేసి ఉంచేది.

ఇంతలో ఆ స్థలం మీద మున్సిపాలిటీ కన్ను పడింది. చెత్త ఆటోలు నిలపడానికి చోటు కావాలట. కాళ్లరిగేలా తిరిగితే చివరికి ఒక అధికారి కరుణించాడు. గంగ జాతర అయ్యాక వచ్చి చూస్తానని, చెట్లు బాగుంటే తోటగా వదిలేస్తామని, లేకపోతే ఆటోలకే ఇస్తామని చెప్పాడు.

జాతర రోజు నాకు మదనపల్లెలో డ్యూటీ. సాయంత్రం బస్సు దిగి అలవాటుగా వెనక్కి వెళ్లి చూస్తే వేప మొక్కలకు ఒక్క ఆకు లేదు. ఉత్త పుల్లలు నిలబడి ఉన్నాయి. వీధిలో మాత్రం ప్రతి గుమ్మానికీ వేపమండలు, ప్రతి అంబలి కుండకూ వేపాకు. ఒళ్లు మండిపోయింది.

"ఊర్లో ఇంకెక్కడా వేపచెట్టే లేదా?" అని అరిచాను.

మేకలామె నొచ్చుకుంది. "రోడ్డు మీది ఆకు ఎవరెవరో ముట్టుకొనింటారు. ఇది మనం నీళ్లు పోసి పెంచిండేది. అమ్మోరికి మంచిది పెట్టాల గదమ్మా?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఇస్తామన్నా భక్తులు ఒప్పుకోలేదు.

అధికారి జాతర సందడి తగ్గకముందే వచ్చాడు. పుల్లలు చూసి, "ఏమైంది వీటికి?" అన్నాడు. అమ్మోరికి కోశామంటే నవ్వి ఊరుకునేవాడేమో. ఆయన గుమ్మానికీ వేపమండ కట్టే ఉంటారు. నేను నోరు తెరిచేలోపే మేకలామె ముందుకొచ్చింది.

"మా మేకలు సార్. తాడు తెంపుకొనొచ్చి మేసేసినాయి."

ఏనాడూ ఆ స్థలంలో కాలు పెట్టని మేకలు! వీధంతా తలూపింది. నిజం చెబితే అంతమందిలో ఆమె అబద్ధాలకోరు అవుతుంది. పళ్లు కొరుక్కుంటూ, "మళ్లీ చిగురు పెడతాయండీ" అన్నాను.

"మేకలనే ఆపలేకపోయారు, ఇంక తోటేం కాస్తారమ్మా?" అని ఆయన జీపెక్కాడు.

కొద్దిరోజులకే వంగ, టమేటా మళ్లు చదును చేసి ఆటోలు తెచ్చి పెట్టారు. అప్పటికి వేపలు ఎర్రగా చిగురు వేస్తున్నాయి. బండి తిప్పడానికి అడ్డమని ఒక డ్రైవరు మొక్కను పట్టుకుని పీకబోయాడు. మేకలామె పరుగెత్తుకొచ్చింది. వెనకే వీధిలోని ఆడవాళ్లంతా.

"యాడ సెయ్యేస్తాండావప్పా? అమ్మోరికి ఆకిచ్చిన చెట్టది. పీకితే కండ్లు పోతాయి!"

అతను బెదిరిపోయి, మొక్కకు దండం పెట్టి, బండి వెనక్కి తీశాడు. సాయంత్రానికి ప్రతి మొక్కకూ పసుపు, కుంకుమ. ఇక వాటిని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

నేను సంతోషించాలి. కానీ చెత్త ఆటోల కంపులో నిలబడి ఆ పసుపు చూస్తుంటే కోపం ఆగలేదు. "ఇదే మాట ఆ రోజు ఆఫీసరుతో అనింటే తోట మిగిలుండేది గదక్కా!" అన్నాను.

మేకలామె నన్ను వింతగా చూసింది.

"డ్రైవరంటే మనోడమ్మా. అంత పెద్ద సారును అట్ల అదిలిస్తే మర్యాదగా ఉంటాదా?"