నీలం జట్టు ఆడినన్నాళ్లు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా మేనల్లుడు ఫోను నా ముందుకు జరిపి, మన నీలం జట్టు ఇప్పుడు జర్మనీ ఫుట్‌బాల్ లీగులో రెండో శ్రేణిలో ఆడుతోంది మామా అన్నాడు. అంత దూరపు జట్టు గోదావరిఖనిలో ఉండే మాకు ‘మన’ జట్టు ఎలా అయిందో నా ఈడు వాళ్లకు చెబితేనే అర్థమవుతుంది. పిల్లలకు చెబితే నవ్వుతారు.

ఇది తెలంగాణ రావడానికి మూడు నాలుగేళ్ల ముందటి మాట. నేను అప్పుడు ఒక భూగర్భ గనిలో ల్యాంపు రూము చూసేవాణ్ని. కిందికి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరుకు టోపీకి తగిలించుకునే ఒక క్యాప్ ల్యాంపు ఉండేవి. నంబరు బిళ్ల ఇచ్చి ల్యాంపు తీసుకుని దిగాలి, పైకొచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. మా అక్క భర్త, అంటే మా బావ, అదే గనిలో ఇరవై ఎనిమిదేళ్లుగా కింద పనిచేస్తున్నాడు. ఆయన ల్యాంపు నంబరు మూడు వందల పన్నెండు.

అంతకు రెండేళ్ల ముందు ఏదో పెద్ద యంత్రం బిగించడానికి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి మూడు నెలలు ఉన్నాడు. ఆయన మాట మాకు రాదు, మా మాట ఆయనకు రాదు, అయినా బావకూ ఆయనకూ ఎలా కుదిరిందో కుదిరింది. వెళ్లిపోయే రోజు ఆయన నీలం తెలుపు మఫ్లర్ ఒకటి తెచ్చి బావ మెడలో వేసి, దాని మీది గుర్తును చూపించి, బొగ్గుపెళ్లను చూపించి, మమ్మల్ని చూపించి, కాలితో బంతి తన్నినట్టు చేశాడు. ఆ జట్టులో ఆడేవాళ్లంతా బొగ్గు కార్మికులేనని మేం తేల్చేసుకున్నాం. తప్పు మాది కాదు. మా దగ్గర ఆట వచ్చినవాడికి గనిలో పని ఇచ్చి, పోటీలున్న రోజు హాజరు వేసి పంపడం మామూలే. బావ కూడా వయసులో గని జట్టుకు ఫుట్‌బాల్ ఆడినవాడే కాబట్టి, లోకమంతా ఇలాగే నడుస్తుందనుకున్నాం.

ఆ ఏడు వానాకాలంలో బావ మోపెడ్ మీద వస్తూ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో రాడ్డు వేశారు. మే నెలలో మెడికల్ బోర్డు చూసి, మళ్లీ కిందికి దిగనివ్వాలో సర్ఫేస్ మీదే ఉంచాలో చెబుతుందన్నారు. బావకు ఒకటే పట్టుదల, దిగాల్సిందే. పైన కూర్చుని చేసేది ఆయన లెక్కలో పనే కాదు. (ల్యాంపు రూములో పైన కూర్చునే నా ముందే ఆ మాట అనేవాడు, అది వేరే సంగతి.) అక్క మాత్రం ఇక దిగకుంటే చాలని చర్చిలో మోకరించేది. బావ మంచంలో పడుకుని దిగాలని ప్రార్థించేవాడు. ఒకే ఇంటి నుంచి దేవుడికి రెండు దరఖాస్తులు వెళ్లేవి. ఎంత సబ్బు రుద్దినా పోని బొగ్గు గీత ఆయన కనురెప్పల అంచుల నుంచి నెమ్మదిగా మాయమవుతుంటే, పెళ్లయ్యాక మొదటిసారి ఆయన కళ్లు తెల్లగా చూస్తున్నానని అక్క మురిసిపోయేది.

రెండు నెలలకు మించి రానివాడి ల్యాంపును ఇంకొకరికి ఇచ్చేయాలి, అది పద్ధతి. ఒకరోజు నేను చూడ్డానికి పోతే బావ గోడవైపు తిరిగి అడిగాడు.

“నా ల్యాంపు ఎవ్వలకన్న ఇచ్చినవా బామ్మర్దీ?”

“నీలం జట్టు ఆడినన్ని రోజులు ఎవ్వలకియ్య బావా.”

ఆ మాట నా నోటికి ఎందుకొచ్చిందో నాకే తెలియదు. టీవీలో ఆ జట్టు ఆట వస్తుండడం వల్ల కావచ్చు. అన్నాక మాత్రం మాట మీద నిలబడ్డాను. రోజూ ఆ ల్యాంపు తుడిచి, చార్జింగుకు పెట్టి, పైవాళ్లు అడిగితే రిపేరులో ఉందని చెప్పాను.

సొంత దేశపు లీగులో ఆ ఏడు జట్టు ఆట చూడలేనంత అధ్వానంగా ఉండేది. శనివారం సాయంత్రాలు అక్క ఉడికించి పెట్టిన శనగ గుడాలు తింటూ కూర్చునేవాళ్లం, వాళ్లు ఓడిపోయేవాళ్లు. పట్టికలో కిందికి జారినప్పుడల్లా బావ వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు. “ఫస్ట్ షిఫ్టు చేసొచ్చి ఆడుతుండ్రు, కాళ్లు గుంజవా?” అనేవాడు. అదే జట్టు యూరప్ పోటీల్లో మాత్రం పెద్ద పెద్ద వాళ్లను ఓడించింది. ఆ ఆటలు మనకు అర్ధరాత్రి దాటాక వచ్చేవి. నొప్పికి నిద్రపట్టని బావ ఒక్కడే చూసేవాడు. తెల్లవారి నేను డ్యూటీకి పోతూ వాళ్ల క్వార్టరు కిటికీ దగ్గర సైకిల్ ఆపితే, ఆయన వేళ్లతో గోల్స్ చూపించేవాడు. ఒకే జట్టుతో వాళ్ల ఊళ్లో ఒకటి, వీళ్ల ఊళ్లో ఒకటి రెండు ఆటలేమిటని నాకు తికమకగా ఉంటే, రెండు షిఫ్టుల బొగ్గు కలిపి లెక్కగట్టినట్టే అని సర్దిచెప్పాడు. ఇటలీ జట్టును వాళ్ల గడ్డ మీదే ఓడించిన పొద్దున ఒక చేతి అయిదు వేళ్లూ కిటికీ ఊచల్లోంచి బయటికి వచ్చాయి.

ఆ రోజుల్లోనే పక్కనే జ్యోతినగర్‌లో ఉండే మా చర్చి సంఘస్థుడైన ఒక ఇంజనీరుతో ఈ గొప్ప చెప్పుకున్నాను. ఆయన నవ్వాపుకోలేక, వందేళ్ల కింద జట్టు పెట్టినవాళ్లు బొగ్గు కార్మికులు గానీ ఇప్పుడు ఆడేవాళ్లు గని మొహమైనా చూడని కోటీశ్వరులని చెప్పాడు. సిగ్గుతో నా మొహం కాలిపోయింది. కానీ బావకు చెప్పలేకపోయాను. గనిలో పనిచేసి వాళ్లు అంతసేపు ఉరుకుతుంటే నేను వరండా దాటలేనా అంటూ, ఆయన కర్ర పట్టుకుని అప్పుడే అడుగులు మొదలుపెట్టాడు. ఆ అడుగులు ఎక్కడ ఆగిపోతాయోనని నోరు కట్టేసుకున్నాను.

యూరప్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు. లీగులో అడుగుకు పడిపోకుండా ఎలాగో గట్టెక్కారు. ఆఖరికి దేశపు కప్పు ఫైనల్లో గెలిచారు. మర్నాటి పొద్దున కిటికీలోంచి మళ్లీ అయిదు వేళ్లు. వాటితోపాటు నీలం మఫ్లర్, మే నెల ఉక్కలో.

తర్వాతి వారమే బోర్డు. బావ కర్ర లేకుండా నడిచి చూపించాడు. డాక్టర్లు మెచ్చుకుని, సర్ఫేస్ అని రాశారు. డ్యూటీ వేసింది ల్యాంపు రూములోనే, నా పక్కనే. అక్క ఏడ్చింది, సంతోషంతో. బావ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

డ్యూటీలో చేరిన వారానికి ఒక కొత్త కార్మికుడు ల్యాంపు కోసం వచ్చాడు. ఖాళీగా ఉన్నది మూడు వందల పన్నెండు ఒక్కటే. నేను రిజిస్టరు తిరగేస్తూ నాన్చుతుంటే బావే లేచి దాన్ని దించి, అద్దం అంగీతో తుడిచి, వెలిగించి ఆర్పి అతని చేతిలో పెట్టాడు. “పైలంగ తీస్కపో తమ్మీ,” అన్నాడు. అతను దిగిపోయేదాకా అటే చూశాడు.

ఇక ఆగలేక, ఆ ఆటగాళ్లు కార్మికులు కారని, నాకు ముందే తెలిసినా దాచానని చెప్పేశాను. బావ నావైపు తిరగనైనా తిరగలేదు.

“నాకు మొదటి నెలల్నే ఎర్కైంది. టీవీల దగ్గరికెళ్లి చూపిస్తరు గద మొకాలు. ఒక్కని కండ్లకన్న బొగ్గు గీత ఉన్నదా?”

“మరి చెప్పకపోతివి?”

“నువ్వు ఆ జట్టు పేరు మీద నా ల్యాంపు కాస్తుంటివి. చెప్తె నీ మనసు ఇరుగదా?”

బావ పోయి అయిదేళ్లు. మా గని మూతపడింది. ఆ జట్టు ఊళ్లోని బొగ్గు గనులు కూడా అన్నీ మూసేశారని మేనల్లుడు చెప్పాడు. ఫోనులో చూసి ఏ సంగతైనా నిమిషంలో చెబుతాడు, వాడికి తెలియనిది లేదు. మంచిదే, కాదనను. కానీ మా ఇద్దరికీ నిజం తెలిసి, ఒకరి కోసం ఒకరం తెలియనట్టు కూర్చున్న ఆ శనివారాలు మళ్లీ రావు. మఫ్లర్ నా దగ్గరే ఉంది. రెండో శ్రేణి అయితేనేం, ఈ శనివారం ఆట పెట్టమని వాడికి చెప్పాను.