విన్నది వదలని మనిషి

పోయిన మంగళవారం పొద్దున మా ఆవిడ ఫోన్ చూసుకుంటూ, "ఏవండీ, మన దుబాసీ గారు పోయారంట," అంది. నిద్రలోనే పోయారట. ఇంకేమైనా రాశారా అని అడిగాను. అంతే ఉందంది. అంత తక్కువలో చెప్పేస్తే దుబాసీ గారే ఒప్పుకునేవారు కాదు.

ఇక్కడ అమెరికాలో మా నోవై ఊరి చుట్టుపక్కల కోర్టుల్లో ఇంగ్లీషు రాని తెలుగువాళ్ళు నిలబడితే, వాళ్ళ మాట జడ్జికీ, జడ్జి మాట వాళ్ళకీ చెప్పే పని ఆవిడది. నాకు ఆవిడ పరిచయమైంది కూడా అలాగే.

మూడేళ్ళ కిందట, మంచు కురుస్తున్న ఒక పొద్దున, ఎవరూ లేకపోయినా ఆగి తీరాల్సిన స్టాప్ సైన్ దగ్గర నేను కారు ఆపలేదు. నాలుగు దిక్కులా ఎవరూ లేరు. ఉన్నది ఒక్క పోలీసాయన, చెట్ల వెనకాల. జరిమానా టికెట్ ఇచ్చాడు. మా అమ్మాయి నా కారు తాళంచెవి తీసుకుని తన బ్యాగులో వేసుకుంది. ఆ టికెట్ తాలూకు తప్పు పాయింట్లు లైసెన్సు మీదికి ఎక్కాయంటే ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దంది. మా ఆవిణ్ణి వారానికి రెండుసార్లు మోకాలి థెరపీకి తీసుకెళ్ళేది నేనే. అరవై ఆరో ఏట నేర్చుకున్నాను డ్రైవింగ్. ఈ దేశంలో ఎవర్నీ అడగకుండా నేను చేయగలిగిన పని అదొక్కటే.

కోర్టులో చెప్పుకోవచ్చని మా అల్లుడు హియరింగ్ పెట్టించాడు. వారం రోజులు వంటింటి బల్ల దగ్గర నాకు ట్రైనింగ్ ఇచ్చాడు. ఆగాను, మూడు లెక్కపెట్టాను, కదిలాను. ఇదీ పాఠం. తను జడ్జి, మా ఆవిడ పోలీసు. ప్రతిసారీ పోలీసే గెలిచింది.

కోర్టు వరండాలో ఒక తెలుగు ముఖం కనిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నా అంతట నేనే పలకరించాను. "అయ్యా, నేను మీ దుబాసీని. లోపలికెళ్ళేదాకా మనం మాట్లాడుకోకూడదు," అని ఆవిడ మూడు కుర్చీలు అవతలికి జరిగి కూర్చుంది. బుగ్గన లవంగం, ఒళ్ళో అరచేయంత పుస్తకం.

లోపల మెజిస్ట్రేట్ ఒక పెద్దావిడ. ముందు దుబాసీ గారి చేత ప్రమాణం చేయించి, తర్వాత నా చేత చేయించారు. సాక్షి ప్రమాణం చేస్తాడని తెలుసు. మాట మోసేవాళ్ళూ చేస్తారని అప్పుడే తెలిసింది. ఏమని ప్రమాణం చేశారో మాత్రం నాకు తెలియలేదు. పక్కనే కూర్చున్నారు కదా అని మెల్లగా, "మీది ఏ ఊరమ్మా?" అన్నాను.

ఆవిడ ఆ ముక్క ఇంగ్లీషులో మెజిస్ట్రేట్‌కి అప్పజెప్పింది. మెజిస్ట్రేట్ కాగితాల మీంచి తలెత్తి ఏదో అంది. దుబాసీ గారు నా వైపు తిరిగి ఆ జవాబు తెచ్చారు: "నేను పుట్టింది లాన్సింగ్‌లోనండీ. ఎందుకడుగుతున్నారు?"

అవన్నీ చెప్పడం ఎందుకమ్మా అన్నాను. అదీ చెప్పింది.

దాంతో నేర్చుకున్న పాఠం కాస్తా ఎగిరిపోయింది. మెజిస్ట్రేట్, ఆ రోజు మీరు ఆగారా లేదా అని అడిగింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, మళ్ళీ పక్కకే వంగాను.

"అమ్మా, నిజం చెబితే కారు పోతుందా?"

ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసింది. ఈ ఒక్కటీ మింగేస్తుందనుకున్నాను. మింగలేదు. పోలీసాయన తల వంచుకుని బూట్లు చూసుకున్నాడు. మెజిస్ట్రేట్ నుంచి జవాబు వచ్చింది: "చెప్పి చూడండి."

చెప్పేశాను. ఎవరూ లేరని ఆగలేదనీ, చెట్ల వెనక ఈయన కనబడి ఉంటే తప్పకుండా ఆగేవాణ్ణనీ చెప్పాను. మోకాలి సంగతీ చెప్పాను. దుబాసీలు మనం 'నేను' అంటే వాళ్ళూ 'నేను' అనే చెప్పాలట. ఆవిడ, అంత పెద్దమనిషి, కోటు వేసుకుని, నా భార్యకి మోకాలు నొప్పి అని చెబుతుంటే వెనక బెంచీలో ఒకాయన పేపరు దించి చూశాడు.

పోలీసాయనా మెజిస్ట్రేటూ ఏదో మాట్లాడుకుని, లైసెన్సు మీద పాయింట్లు పడని చిన్న తప్పు కిందికి మార్చారు.

బయట అల్లుడు కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు. దుబాసీ గారు వెతుక్కుంటూ వచ్చి, "మాది రేపల్లె దగ్గర, బాబాయి గారూ. ఇందాక అడిగారుగా," అన్నారు. మూడు లెక్కపెట్టానని చెప్పారా అని అల్లుడు ఆవిణ్ణే అడిగాడు. ఆవిడ లవంగం నములుతూ ఆకాశం కేసి చూసింది.

ఆ తర్వాత మాకు చుట్టమైపోయింది. మా ఆవిడ గోంగూర పచ్చడి పెట్టి కోర్టు కబుర్లు లాగుదామని చూసేది. దుబాసీ గారు మూడుసార్లు వడ్డించుకునేవారు, ఒక్క ముక్క బయట పెట్టేవారు కాదు. కేసు అవగానే పుస్తకంలో రాసుకున్న కాగితాలు చింపేసేదట. ఒకసారి మా ఆవిడా నేనూ హీటర్ గురించి మాటలు మానేసి ఉన్నాం. ఈ మనిషితో మాట్లాడనని చెప్పండి అంది మా ఆవిడ. దుబాసీ గారు నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, "నేను ఈ మనిషితో మాట్లాడను," అన్నారు. ముగ్గురం నవ్వేశాం. హీటర్ మా ఆవిడ చెప్పినంతకే పెట్టాను.

కోర్టు ఎవరైనా వెళ్ళి చూడొచ్చని దుబాసీ గారు నన్నోసారి తీసుకెళ్ళారు. జ్యూరీ వాళ్ళు పన్నెండుమంది లోపలికొస్తుంటే గదిలో అందరూ లేచి నిలబడ్డారు. చూస్తే మామూలు మనుషులు, ఒకాయన వర్క్‌షాపు బట్టల్లోనే ఉన్నాడు. దోషా కాదా తేల్చేది వాళ్ళేననీ, కేసు అయ్యేదాకా ఇంట్లో పెళ్ళాంతో కూడా ఆ ఊసెత్తకూడదనీ చెప్పింది. అంతకంటే నాకు తగ్గ పని ఉంటుందా? కానీ ఆ పని ఈ దేశపు సిటిజన్లకే ఇస్తారట.

అంత పట్టుదల ఎందుకని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: "విన్నది వదలకూడదు బాబాయి గారూ, విననిది కలపకూడదు."

ఆదివారం, అంత్యక్రియలు జరిపే ఫ్యునరల్ హోమ్‌లో సంతాప సభ పెట్టారు. ఫోటో పక్కన ఆ చిన్న పుస్తకం ఉంచారు. తెరిచి చూశాను. కుట్టు దగ్గర చింపిన అంచులే ఉన్నాయి. వెనక వరసలో ఆ మెజిస్ట్రేట్ కూర్చుని ఉంది. నన్ను మాట్లాడమన్నారు. అల్లుడు ఇంగ్లీషులో చెబుతానని పక్కన నిలబడ్డాడు. ఎన్నడూ లేనిది నేను పది నిమిషాలు మాట్లాడాను. అల్లుడు మైకు తీసుకుని, ఒక్క వాక్యం చెప్పి ఊరుకున్నాడు. చాలా మంచి మనిషి అని.

"అలా కాదు," అన్నాను. "మొత్తం చెప్పు. నేను అన్నట్టే చెప్పు."

"మావయ్యా, అన్నీనా?"

"అన్నీ."

పాపం, చెప్పాడు. స్టాప్ సైన్ దగ్గర నేను ఆగలేదని తన నోటితోనే చెప్పాడు. నా భార్యకి మోకాలు నొప్పి అన్నాడు. మా అల్లుడు నాకు అబద్ధం నేర్పించాడు అనే చోట ఆగి నా వైపు చూశాడు. నేను కదల్లేదు. అదీ చెప్పాడు. మెజిస్ట్రేట్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వింది. ఆఖరి ముక్క, ఆవిడ లేకపోతే నాకు తోచడం లేదు అన్నది. అదీ చెప్పి, అల్లుడు మైకు నా చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు నేనే నడిపాను. మళ్ళీ మంచు మొదలైంది. ఆ స్టాప్ సైన్ దగ్గర నాలుగు దిక్కులా ఎవరూ లేరు, చెట్ల వెనక కూడా లేరు. ఆగాను. మా ఆవిడ తన బ్యాగులోని డబ్బాలోంచి ఒక లవంగం తీసి నా చేతిలో పెట్టింది. అది బుగ్గన పెట్టుకుని, వైపర్లు మూడుసార్లు తిరిగేదాకా ఉండి, అప్పుడు కదిలాను.