కనకవల్లిగారి పాస్‌వర్డ్

జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వచ్చి, ఓ ప్రైవేటు ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకుంటాడు అన్సార్. చేరి నాలుగేళ్లు దాటింది. ఏటా ఆగస్టులో సిబ్బంది పాస్‌వర్డులు మార్చాలి. తెర మీద ఎవరికి వారే మార్చుకోవచ్చు. ఒక్కరూ మార్చుకోరు. అన్సార్ బల్ల దగ్గరకొచ్చి, కావలసిన మాట చెవిలో చెప్పిపోతారు. అతను ఆ మాటతో డేటాబేస్‌కు ఆదేశం టైపు చేస్తాడు.

హెడ్ నర్సు కనకవల్లి ఏటా ఒకటే పేరు చెప్పేది: ఉషశ్రీ. పక్కన అంకె మాత్రం ఏడాదికొకటి పెరిగేది.

"పాప వయసా అండీ? ఏ క్లాసు?" అని నిరుడు అడిగాడు.

"మూడు," అందామె.

ఈ జులైలో సర్వర్ నెమ్మదించింది. సాయంత్రానికల్లా లాగ్ పంపమన్నారు సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు. సర్వర్ తనకొచ్చిన ప్రతి ఆదేశాన్నీ రాసిపెట్టుకునే ఫైలది. పంపేముందు తెరిస్తే, తను టైపు చేసిన పాస్‌వర్డులన్నీ పేర్లతో సహా అందులో ఉన్నాయి.

బిల్లింగు రాగసుధ వెనక నుంచి తొంగిచూసింది.

"ఓరి దేవుడా, మా ఆయన ముద్దుపేరు! పరువు తీసారు కదండీ!"

కింది వరుసల దగ్గర ఆమె నవ్వు ఆగింది. ఉషశ్రీ5. ఉషశ్రీ6. ఉషశ్రీ7. ఉషశ్రీ8.

"ఆ పాప నాలుగో ఏట పోయిందండీ. మీరు రాకముందే."

ఫైలు అలాగే వెళ్తే ఇవన్నీ ముక్కూమొహం తెలియనివాళ్లు చదువుతారు. అన్సార్ పాస్‌వర్డులున్న వరుసలన్నీ తుడిచేసి, మిగిలింది పంపాడు. ఇకమీదట ఎవరి పాస్‌వర్డు వారే తెర మీద మార్చుకోవాలన్నాడు. అక్కడైతే మాట మళ్లీ విప్పడానికి వీల్లేని గజిబిజి అక్షరాలుగా మారాకే సర్వర్‌కు చేరుతుంది. ముందు కనకవల్లిని పిలిచాడు.

"పాతది లాగ్‌లో పడింది మేడమ్. మార్చాలండి. తప్పు నాదే."

"ఎవరు చూసారు?"

"నేను, రాగసుధగారు."

"చెప్పిందా?"

తలూపాడు.

ఆమె కుర్చీ లాక్కుంది. "మూడు అని నీకు చెప్పానే, ఆ రోజు బడి నుంచి ఇంకా రాలేదేంటా అని ఇంటి దగ్గర గుమ్మంలో నుంచున్నా అన్సార్."

ఆమె కొత్త పాస్‌వర్డు టైపు చేసుకునేదాకా అతను వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. వార్డులో ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

ఆమె వెళ్లాక లాగ్ తెరిచాడు. పాస్‌వర్డు ఎక్కడా కనబడకుండా చూసుకోవడం అతని పని. కనకవల్లి పేరు ఎదురుగా అర్థం లేని పొడవాటి అక్షరాల వరుస. అన్సార్ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అందులో తొమ్మిది ఉందో లేదో చెప్పడం ఇక సర్వర్‌కు కూడా చేతకాదు.