మండితేనే శుభ్రం

మనిషి కనపడకముందే బ్రష్ గరగర వినపడుతుంది. ఆసుపత్రి నడవా చివర తడి నేల మెరుస్తూ ముందుకు జరుగుతుంది. దాని వెనక, వెలుతురును తోసుకుంటూ వస్తున్నట్టు, బ్రష్షక్క. నర్సులు పెట్టిన పేరది. "మండితేనే మురికి పోయినట్టు" అంటుంది. గచ్చుకైనా తన చేతులకైనా ఆవిడకు తెలిసిన న్యాయం అదొక్కటే.

ఏళ్ళ తరబడి గచ్చు కడిగే ఘాటు మందులో నాని నాని, అరచేతులు పాత గోడ సున్నంలా పెచ్చులు లేచాయి. చలి రోజుల్లో పగుళ్ళు విచ్చి నెత్తురు కారేది. ఆవిడ పట్టించుకోలేదు, మనవరాలు పుట్టేదాకా.

కూతురు పసిగుడ్డుతో ఇంటికి వచ్చిన రోజు, బ్రష్షక్క ఆ చెంపను ఒక్కసారి నిమిరింది. పాప కెవ్వుమంది. చెంప మీద సన్నటి ఎర్రగీత లేచింది.

"గోళ్ళు పెరిగాయి దీనికి. తననే గీరుకుంటోంది, రాక్షసి," అంటూ కూతురు పాప చేతులకు గుడ్డ తొడుగులు వేసింది.

'కాదే, గీసింది నా చెయ్యే' అనాలి. అనకుండా చేతులు కొంగులో దాచుకుంది. తప్పు తనది, శిక్ష పసిదానికి. తొడుగుల్లోంచి గాలిని తడుముకునే ఆ పిడికిళ్ళను చూసినప్పుడల్లా ఆవిడ తల వాలిపోయేది. మళ్ళీ పాపను ఎత్తుకోలేదు. పొయ్యి మీద పాలున్నాయనేది, ఇంకా స్నానం కాలేదనేది.

"ఊళ్ళోవాళ్ళ గదులన్నీ కడుగుతావు. దీన్ని ముట్టుకోడానికి ఏం అడ్డమొచ్చింది? ఆడపిల్ల అనా?" అంది కూతురు ఓ పూట.

పుండు మీద కారం చల్లినట్టయింది. మర్నాడే వార్డు నర్సును అడిగితే ఒక ట్యూబు ఇచ్చింది.

"చర్మంలో తేమను ఆపే పొర చెడిపోయిందక్కా నీకు. మంచినీళ్ళతో కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే ఇది రాయి. ఘాటు మందుల జోలికి పోకు."

బ్రష్షక్క చెవికి సగమే ఎక్కింది. మందు రాసే ముందు చేతులు శుభ్రంగా ఉండాలి కదా అని, గచ్చు మందుతో పరపరా రుద్దుకుని మరీ రాసింది. చచ్చేంత మండింది. బాగా పనిచేస్తోందనుకుంది.

అలా రుద్దుకుంటుండగానే ఓ పొద్దున కూతురి కంటపడింది.

"అమ్మా, అది గచ్చు కడిగేది కదా!"

"మండితేనే కదే..."

కూతురు ఆ చేతుల్ని కిటికీ వెలుగులోకి లాగి చూసింది. లేచిన పెచ్చుల మీద వేలు రాసింది.

"ఆ గీత పాప గోళ్ళది కాదు కదూ?"

బ్రష్షక్క చేతులు లాక్కోబోయింది. కూతురు వదల్లేదు.

"కాదే," అంది ఆవిడ, గోడకు చెబుతున్నట్టు.

కూతురు లోపలికి వెళ్ళి పాప తొడుగులు ఊడదీసింది. తిరిగొచ్చి తల్లి చేతుల్ని మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, మందు పూసింది. తను పెంచిన చేతులు తన చేతుల్ని కడుగుతుంటే ఆవిడకు ఎటు చూడాలో తెలియలేదు.

"ఇది పనిచెయ్యట్లేదే."

"ఎందుకని?"

"మండట్లేదు."

కూతురు నవ్వబోయి ముక్కు తుడుచుకుంది.

పగుళ్ళు పూడటానికి చాలా కాలం పట్టింది. బొటనవేలి పక్కన ఒకటి మొండిగా మిగిలిపోయింది. ఇంటికొచ్చి ఈ కథంతా ఆవిడ నోటే విన్న మనిషి వెళ్ళడానికి లేచేసరికి, ఆవిడ అరచేతిలో చెంప పెట్టుకుని పాప నిద్రపోతోంది. ఆ పగులు మిగిలిన రెండో చేతిని ఆవిడ తువ్వాలు కిందికి దాచుకుంది.

"గుమ్మం దాకా రాలేను బాబూ, ఏమీ అనుకోకు. చెయ్యి తీస్తే లేస్తుంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."