వెనక గది వైరు

కళావతిని స్లో అన్నారు. మొదట నవ్వుతూ అన్నారు, తర్వాత మీటింగులో అన్నారు. చివరికి సూపరింటెండెంట్ వెంకటరామారావు హాలు మధ్యలో నిలబడి, అర్జీలు పట్టుకొని వచ్చిన జనం కూడా వినేటట్టు చెప్పేశాడు.

"వచ్చే నెల నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. అప్పటికి ఈ పెండింగ్ తెగకపోతే ఇంకొకరిని పంపమని కంపెనీకి చెప్తా. తర్వాత నన్ను అనుకోవద్దమ్మా."

"సిస్టం స్లో ఉంది సార్" అంది కళావతి.

"అందరికీ ఒకటే సర్వర్. సాయిప్రియకు లేని స్లో నీకెట్ల వచ్చింది?"

పక్క టేబుల్ దగ్గర టీ తాగుతున్న గుమస్తా అందుకున్నాడు. "అడవిల గడియారంతోని పనేముంటది సార్? పొద్దు చూసుకొని లేస్తరు, పొద్దు చూసుకొని పంటరు."

హాలంతా నవ్వింది. అది ఆ ఆఫీసులో పాత జోకే. ఎవరూ దాన్ని తప్పు అనుకోరు. తప్పు అనుకోవాల్సిన మనిషి అక్కడ ఒక్కతే ఉంది, ఆమె తన గదికి వెళ్లిపోయింది.

దుమ్ముగూడెం మండలంలో గూడేల జనానికి కావాల్సిన కాగితాలు పుట్టే సర్కారు ఆఫీసు అది. కులం సర్టిఫికెట్లు, పింఛన్లు, పోడు భూముల అర్జీలు. ముందు హాలు, హాలు చివర సూపరింటెండెంట్ అద్దాల గది, ఆ గదిలో సర్వర్. ఆపరేటర్ తన కంప్యూటర్‌లో కాగితాలు స్కాన్ చేసి, వివరాలు కొట్టి, ఆ సర్వర్‌లోకి పంపాలి. అది చేరితేనే అర్జీ లెక్కలోకి వస్తుంది. చేరకపోతే ఆ మనిషి అసలు ఆఫీసుకు రానట్టే.

ఇంకో ఆపరేటర్ సాయిప్రియ కంప్యూటర్ అద్దాల గదిని ఆనుకొని ఉంటుంది. కళావతిది మాత్రం భవనం వెనక, స్టోర్ రూమ్ దాటాక వచ్చే గది. ఉద్యోగంలో చేరినప్పుడు హాల్లో జాగా లేదన్నారు. ఆ తర్వాత అదే హాల్లోకి పెద్ద సోఫా ఒకటి వచ్చింది. దానికి జాగా దొరికింది.

ఆ గదికి బయటి నుంచి ఒక తలుపుంది. ముందు మెట్లెక్కడానికి జంకే గూడేల జనం ఆ తలుపు దగ్గరకు వస్తారు. లోపల కోయ మాట్లాడే మనిషి ఉందని తెలిశాక పర్ణశాల అవతలి ఊళ్ల నుంచి కూడా వస్తున్నారు. వాళ్ల పద్ధతిలో వచ్చిన మనిషిని రాగానే ఏం పని అని అడగరు. ముందు నీళ్లివ్వాలి, వాన పడిందా, మేకలు బాగున్నాయా అని అడగాలి, ఆ తర్వాతే పని. కళావతి అట్లాగే అడిగేది. హాల్లోవాళ్లకు అది ముచ్చట్లు పెట్టుకోవడంలా కనిపించింది. స్లో అన్న పేరుకు అదొక సాక్ష్యం.

కళావతి తల్లి కన్నమ్మ అడవి లోపల గూడెంలో ఉంటుంది. వచ్చి తన దగ్గర ఉండమని కూతురు ఎన్నిసార్లు అడిగినా రాదు. పోడు చేను వదిలిపెట్టి ఒక్క పంట కాలం బయట ఉంటే, తిరిగి వెళ్లేసరికి ఫారెస్టువాళ్లు అందులో మొక్కలు నాటి కంచె వేస్తారని ఆమె భయం. ఉత్త భయమేం కాదది. పక్క చేలో జరిగింది. అందుకని ఆమె అక్కడ, ఈమె ఇక్కడ. కళావతి ఉండేది ఒక కిరాయి గది. ఇంటి ఓనరమ్మ మంచిదే, కానీ ఊళ్లో అందరితో "మా ఇంట్ల ఆఫీసు మేడం ఉంటది" అని గొప్పగా చెప్పుకుంటుందే తప్ప లోపలికి వచ్చి కూర్చోదు. గూడెం వెళ్తే అక్కడా ఇంతే. చిన్నప్పుడు కలిసి ఇప్పపువ్వు ఏరినవాళ్లు ఆమెకు కుర్చీ వేసి తాము దూరంగా కూర్చుంటారు. ఆఫీసులో గూడెం మనిషి, గూడెంలో ఆఫీసు మనిషి. రెండు చోట్లా కుర్చీ ఉంది. పక్కన మనిషే లేదు.

గదిలో ఆమెకు తోడు తెరమీద పాకే ఆకుపచ్చ గీత. ఒక అర్జీ పంపితే ఆ గీత మొదలవుతుంది, సగంలో ఆగుతుంది, ఆలోచిస్తుంది, మళ్లీ కదులుతుంది. ఒక్కోసారి చివరిదాకా వెళ్లి ఎర్రగా మారుతుంది. మళ్లీ మొదటి నుంచి పంపాలి. బయట తలుపు దగ్గర జనం గొంతుక్కూర్చొని ఉంటారు. పంపినట్టా, పంపనట్టా? ఆమెకే తెలియదు, వాళ్లకేం చెప్తుంది.

కంపెనీ తరఫున ఖమ్మం నుంచి అనిల్‌కుమార్ వచ్చాడు. సిస్టంలు, నెట్‌వర్కులు చూసే ఇంజినీరు. చుట్టుపక్కల ఆఫీసులన్నీ అతని నెత్తినే ఉన్నాయి, పాపం. వచ్చీ రాగానే నెట్ స్పీడ్ పరీక్ష పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"చూడండి మేడం, హాల్లో ఎంత వస్తుందో ఇక్కడా అంతే వస్తుంది. నెట్ పర్ఫెక్ట్."

"నెట్ కాదు అన్నా. సర్వర్‌కు పంపితేనే ఆగుతున్నది."

"వైరు ఒకటే కదా మేడం. లైటు వెలుగుతుంది చూడండి. లైటు వెలిగిందంటే లైను ఉన్నట్టే."

వైరస్‌ల కోసం వెతికాడు, అక్కర్లేనివి తీసేశాడు, కొత్త మెమరీ వేశాడు. గీత అట్లాగే పాకింది. భద్రాచలంలో ఇంకో ఆఫీసు ఎదురుచూస్తోందని సంచి సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ సూపరింటెండెంట్‌తో "సిస్టంలో ప్రాబ్లం ఏం లేదండీ" అన్నాడు. సిస్టంలో లేకపోతే ఎక్కడ ఉన్నట్టు? అద్దాల గదిలో ఆ మాట పూర్తి చేయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఆ రాత్రి కళావతికి ఒక అనుమానం వచ్చింది. నిజంగా నేనే స్లోనేమో అని. ఒక మనిషి చెవిలో పదే పదే ఒకే మాట పోస్తే చివరికి ఆ మనిషే ఆ మాటకు సాక్ష్యం చెప్తుంది. మన ఆఫీసులకు ఆ విద్య బాగా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచినప్పుడు సాయిప్రియ దగ్గరకు వెళ్లింది.

"చెల్లే, నీ సిస్టం మీద జరంత సేపు కూసుంటనే. నా ఐడీతోనే."

"సార్ చూస్తే నన్నంటడు అక్కా."

"సార్ తిని వచ్చేలోపు లేస్త."

సాయిప్రియ అటూ ఇటూ చూసి, డబ్బా పట్టుకొని లేచింది. కళావతి తన పెండింగ్‌లోంచి కాగితాలు తీసి కూర్చుంది. అదే వేళ్లు, అవే అర్జీలు. గీత మొదలైందో లేదో అయిపోయింది. ఇంకోటి. అదీ అయిపోయింది. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. చూపించడానికి పక్కన ఎవరూ లేరు. సాయిప్రియ బయట వేపచెట్టు కింద మిగతావాళ్లతో అన్నం తింటోంది.

మనిషి స్లో కాదని తేలింది. మరి పెట్టె? వెనక గదికి వెళ్లి వైర్లు పీకి, సీపీయూను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని హాల్లోకి తెచ్చింది. సాయిప్రియ వైరు దానికి పెట్టింది. అప్పుడే చేతులు తుడుచుకుంటూ వెంకటరామారావు వచ్చాడు.

"ఏందమ్మా ఇది? రేపు గోడలు కూడా మోసుకొస్తవా?"

"ఇక్కడ పెడితే ఉరుకుతున్నది సార్. చూడండి."

"ఇక్కడ జాగా లేదు. తీస్కపో."

గీత ఉరకడం ఆయన చూశాడు. చూసి కూడా జాగా గురించే మాట్లాడాడు.

మనిషి కాదు, పెట్టె కాదు. ఇక మిగిలింది వైరు. ఆమె తన టేబుల్ కింద నుంచి వైరు పట్టుకొని బయల్దేరింది. గోడ కన్నంలోంచి స్టోర్ రూమ్‌లోకి వెళ్లింది అది. విరిగిన కుర్చీ మీద నిలబడి, అటక మీద బూజు దులుపుతూ వెతికింది. పాత ఫ్లెక్సీల వెనక, ట్యూబ్‌లైటు కరెంటు వైరును ఆనుకొని, మూరెడు పొడుగున నల్లటి టేపు చుట్టిన భాగం చేతికి తగిలింది. అంత నున్నగా, అంత శ్రద్ధగా చుట్టిన టేపు ఆ ఆఫీసులో ఇంకెక్కడా లేదు.

ఆ పనితనం ఎవరిదో ఊళ్లో ఎవరైనా చెప్తారు. కోటేష్‌ది. పెళ్లిళ్లకు సీరియల్ లైట్లు, పర్ణశాలలో ఉత్సవాలకు మైకులు, ఇళ్లల్లో మోటార్లు, అన్నీ అతనే. ఫోన్ చేస్తే వచ్చాడు. తన టేపు చూసి మొహం వెలిగిపోయింది.

"నేను జేసిందే అక్కా. నీకు ఈ గది ఇచ్చినప్పుడు వైరు ఇక్కడిదాంక అందలే. హాలుకు కొలిచి తెచ్చిన వైరది. ముక్క అతికి ఇయ్యమన్నరు. ఇన్నేండ్లయినా ఊడలే చూడు!"

"ఊడలే గని, అన్నా, లోపల ఎట్ల అతికినవ్?"

కోటేష్ టేపు విప్పాడు. లోపల సన్నటి రంగు తీగలు, దేనికది విడిగా, ఎండబెట్టిన ఈతాకుల్లాగా వరసగా. ఒక్కో అతుకుకు ఒక్కో చిన్న టేపు.

"అసలు వీటిని చూసి నాకే యాష్టొచ్చింది, ఇసుగు బుట్టింది. కంపెనోడు తీగల్ని రెండు రెండు జడ లెక్క మెలేసి పెట్టిండు. చిక్కు పడ్డదేమో అనుకున్న. అన్ని విప్పి సాపు జేసి, ఒకదానికొకటి తగలకుండ పెట్టిన. మైకు వైర్లల్ల నేనెప్పుడు మెలిక ఉండనియ్య, బుర్రుమంటయి."

కళావతి అనిల్‌కుమార్‌కు ఫోన్ కలిపి, చూసింది చూసినట్టు చెప్పింది. అతను గట్టిగా నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు.

"మేడం, ఆ మెలికలు చిక్కు కాదు. పక్క తీగ గోల వినబడకుండా కావాలనే అట్లా మెలేస్తారు. విప్పితే ఒకదాని మాట ఇంకోదానిలో పడుతుంది. పైగా కరెంటు వైరు పక్కనే ఉందంటున్నారు. సర్వర్‌కు పోయేది సగం పాడై, మళ్లీ మళ్లీ పంపుకుంటుంది. నా పరీక్ష బయటి నుంచి వచ్చేదాన్నే కొలిచింది, ఇక్కడి నుంచి పోయేదాన్ని కాదు, అందుకే తేడా తెలియలేదు. నేను అటక ఎక్కి చూడాల్సింది. అతుకు వద్దు. మొత్తం ఒకే వైరు వేయించండి" అన్నాడు.

కోటేష్ మొహం మాడిపోయింది. "నా వల్లనే నీకు మాటొచ్చిందా అక్కా?"

"నువ్వు మంచిగనే జేసినవ్ అన్నా" అంది కళావతి.

నిజమే. అతుకు పెట్టింది కోటేషే. కానీ అతుకు అవసరమయ్యేటట్టు చేసింది కోటేష్ కాదు. హాలుకు కొలిచి వైరు తెచ్చినవాళ్ల లెక్కలో వెనక గదిలో మనిషి లేదు. కూర్చోబెట్టాక కూడా లేదు.

అద్దాల గదిలో కొత్త వైరు చుట్ట ఒకటి ఉంది. కళావతి అడిగితే వెంకటరామారావు తల అడ్డంగా ఊపాడు.

"అది పెద్దసారు గదికి తెప్పించింది."

"పెద్దసారు ఎప్పుడో ఒకనాడు వస్తరు సార్. నేను రోజూ వస్త. అది ఇయ్యకుంటే నన్ను స్లో అనొద్దు మరి."

ఆమె గొంతు పెంచలేదు. హాల్లో మాత్రం టైపింగ్ చప్పుడు ఆగిపోయింది. ఆయన ఫైలు మీద నుంచి తలెత్తకుండానే "తీస్కపో, తీస్కపో" అన్నాడు.

కోటేష్ ఆ సాయంత్రమే కరెంటు వైరుకు దూరంగా, ఎక్కడా అతుకు లేకుండా కొత్తది వేశాడు. పైసలు వద్దన్నాడు. పాత అతుకు ముక్కను కోసి కళావతి చేతిలో పెడితే, ఆమె దాన్ని తెచ్చి సూపరింటెండెంట్ టేబుల్ మీద పెట్టింది.

"ఏందిది?"

"స్లో ఉన్నదాన్ని తీసేస్తమన్నరు గద సార్. ఇదే సార్."

ఆయన దాన్ని పెన్నుతో పక్కకు జరిపాడు. "సరే, స్పీడొచ్చింది కదా. ఇంకేం కావాలి? పో, పెండింగ్ చూసుకో."

చూసుకుంది. రెన్యువల్ తేదీ రాకముందే పెండింగ్ తెగిపోయింది. సాయిప్రియ ఫైళ్లు కూడా కొన్ని వెనక గదికి రావడం మొదలైంది.

రెన్యువల్ రోజు సంతకాల కోసం కాగితాలు పట్టుకొని వెళ్తే, అద్దాల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. వెంకటరామారావు కంపెనీవాళ్లతో ఫోన్లో ఉన్నాడు. "ఆ అమ్మాయినే ఉంచండి. అవునండీ, మొదట్లో ఇబ్బందే. చెప్పి చెప్పి దారికి తెచ్చినం. ఇప్పుడు చాలా ఇంప్రూవ్ అయింది."

కళావతి తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి వెళ్లి, ఇంప్రూవ్ అయింది నేను కాదు, వైరు అని చెప్పాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు, సంతకం ఇంకా పడలేదు. కాగితాలు ఇచ్చింది, ఆయన సంతకం పెట్టాడు, "శభాష్, ఇట్లనే చెయ్" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి వెనక తలుపు దగ్గర జంపయ్య ఉన్నాడు. పింఛను ఆగిపోయిందని అడవి, నది దాటి వచ్చిన ముసలాయన. ఆమె నీళ్లిచ్చింది. వానల గురించి అడగబోయింది, కానీ ఆ పూట నోరు ముందు తన సంగతే ఎత్తుకుంది. కోయలో మొత్తం చెప్పేసింది. హాల్లో నవ్విన సంగతి, అటక సంగతి, ఇప్పుడు ఫోన్లో విన్న మాట. ఆయన తల ఊపుతూ శ్రద్ధగా విన్నాడు.

"మరి నిన్ను తీసేయరు గదా బిడ్డా?"

"తీసేయరు తాతా. సంతకం అయింది."

"అయితే ఇంకేంది మరి, మంచిదే గదా" అన్నాడు జంపయ్య. నిజంగానే సంతోషపడ్డాడు.

కళావతి ఆయన కాగితం స్కాన్ చేసి పంపింది. రెప్పపాటులో చేరిపోయింది. ఆయన నమ్మకం కుదరక మళ్లీ అడిగి, చీకటి పడకముందే నది దాటాలని కర్ర అందుకొని లేచాడు. ఇంకాసేపు కూర్చోమనడానికి ఆమె దగ్గర ఏ కారణమూ లేదు.