మల్లేశ్ అనని మాట

చచ్చిపోయిన మనిషి నోట్లో ఆయన అనని మాట ఒకటి పెట్టాను. ఆ మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. ఇంట్లో చెప్పలేను. స్నేహితులకు చెప్పలేను. చెప్పవలసిన మనిషికైతే అసలే చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకని మీకు చెప్తున్నాను. క్షమించమని అడగడానికి కాదు. అడిగే మొహం నాకు లేదు.

ఉప్పల్‌లో మాదొక పరుగు గుంపు. ఆదివారం తెల్లవారేసరికి క్రికెట్ స్టేడియం దగ్గర కలుసుకుని, వరంగల్ రోడ్డు మీద పీర్జాదిగూడ, మేడిపల్లి దాటి నారపల్లి దాకా పరుగెత్తి, అదే దారిన వెనక్కి వచ్చి ఉప్పల్ చౌరస్తాలో ఒక చాయ్ హోటల్ దగ్గర ఆగేవాళ్ళం. మమ్మల్ని పోగుచేసింది సత్తయ్య సార్, రిటైరైన డ్రిల్లు మాస్టారు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా కుదిరినవాణ్ణి. షుగర్ వస్తుందేమోనన్న భయంతో పరుగు మొదలుపెట్టాను, తర్వాత అదే పిచ్చి అయిపోయింది. మల్లేశ్‌ది జనగామ దగ్గర పల్లె. నాచారంలోనే ప్లాస్టిక్ బకెట్లు చేసే ఫ్యాక్టరీలో మిషన్ మీద పని.

సార్ పెట్టిన పద్ధతి ఒకటుండేది. వారానికొకరు అందరికంటే వెనక పరుగెత్తాలి. ఆ మనిషిని ‘తోక’ అనేవాళ్ళం. తోక మణికట్టుకు ఎర్ర చేతిరుమాలు కట్టుకోవాలి. ఎవరెంత నెమ్మదిగా వచ్చినా, కుంటుతూ వచ్చినా, కూర్చుండిపోయినా తోక వాళ్ళ వెనకే ఉండాలి. తోక చేరేదాకా హోటల్లో ఎవరికీ చాయ్ పోయకూడదు. ఎర్ర రుమాలు కనబడిందంటే అందరూ వచ్చేసినట్టే, ఇక తలలు లెక్కపెట్టే పనే లేదు. హోటలాయన కూడా రుమాలు చూశాకే గ్లాసులు పరిచేవాడు.

ఆ ఆదివారం తోకను నేను. నా వంతు కాదు. అంతకుముందు వారమే నాది అయిపోయింది. వంతున్న మనిషి రాలేదని సార్ రుమాలు తెచ్చి నా చేతికి కట్టారు. ఒళ్ళు మండిపోయింది. ట్యాంక్‌బండ్ మీద పరుగు పందెం దగ్గరపడుతోంది, ఆ రోజు నా సత్తా ఎంతో చూసుకోవాలని వారమంతా ఎదురుచూశాను. పైకి నవ్వాను. లోపల మాత్రం రాని మనిషిని, సార్‌నీ, అందరికంటే ముందు మల్లేశ్‌నీ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎందుకంటే ఎవరు తోక అయినా వాళ్ళకు ముందు ఉండేది మల్లేశే. నైట్ డ్యూటీ దిగి నేరుగా పరుగుకు వచ్చేవాడు. నిద్రలేని కళ్ళతో కూడా అందర్నీ నవ్వించేవాడు. “కాలు పట్టిందన్నా, జర చాయ్ తాపిస్తె ఇడుస్తది” అనేవాడు. ఒకసారి బోడుప్పల్ మలుపు దగ్గర రోడ్డు పక్కన వెల్లకిలా పడిపోయి, “నేను పోయిన. మా రేణుకకు చెప్పున్రి” అన్నాడు. రేణుక ఆయన భార్య. మేమంతా గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొస్తే లేచి కూర్చుని పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. నా పరుగు చెడిందని ఏడ్చాను.

నాన్నా పులి కథ మనమంతా చిన్నప్పుడు చదువుకున్నాం. అందులో తప్పంతా పిల్లాడిదేనని చెప్తారు. నిజంగా పులి వచ్చినరోజు కేక విని కూడా కదలనివాళ్ళ సంగతి ఎవరూ అడగరు. ఇన్నేళ్ళు నేను ఆ కథ వెనక దాక్కున్నాను. చాలా సౌకర్యంగా ఉంటుంది అక్కడ.

తిరుగు దారిలో పీర్జాదిగూడ చేరేసరికి ఎండ వచ్చేసింది. మిగతావాళ్ళు కనుచూపు మేరలో లేరు. కొత్తగా కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ ముందు ఇసుక కుప్ప ఉంది. మల్లేశ్ దాని మీద కూర్చున్నాడు.

“జర ఆగన్నా,” అన్నాడు. “ఛాతిల ఎట్లనో అయితున్నది.”

“నీ నాటకాలు ఆపు మల్లేశ్,” అన్నాను. “వారం వారం నీకోసం నేను ఈడ్చుకుంటూ రావాలా? మెల్లగా రా.”

అని పరుగందుకున్నాను. కొంచెం దూరం పోయాక వెనకనుంచి “అన్నా” అని వినబడింది. లారీల మోతలో వినబడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వినబడింది. వినబడిందనడానికి సాక్ష్యం నా చెయ్యే. వెనక్కి తిరగకుండా చెయ్యెత్తి, వస్తే రా అన్నట్టు ఊపాను. ఎర్ర రుమాలున్న చెయ్యి.

ఇంకోటి కూడా చెప్పాలి, దాచి ప్రయోజనం లేదు. ఆ తర్వాత ఉప్పల్ దాకా నేను పరుగెత్తిన పరుగు లాంటిది నా జన్మలో మళ్ళీ పరుగెత్తలేదు. కాళ్ళు తేలిపోయాయి. ముందున్నవాళ్ళను ఒక్కొక్కర్నీ దాటుకుంటూ పోయాను. ఎంత హాయిగా ఉందో! ఒక మనిషి వెనక ఇసుకలో కూర్చుని గుండె పట్టుకుంటుంటే నేను సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

హోటల్ దగ్గరకు రాగానే రుమాలు చూసి ఆయన చాయ్ పోశాడు. నాతోపాటు చేరినవాళ్ళు, నా తర్వాత చేరినవాళ్ళు అందరూ గ్లాసులు అందుకున్నారు. సత్తయ్య సార్ మాత్రం రోడ్డువైపు చూస్తూ, “మల్లేశ్ ఏడి?” అన్నారు.

“వస్తున్నాడు సార్,” అన్నాను. “‘నువ్వు పో అన్నా, నేనొస్త’ అన్నాడు.”

అదీ ఆ మాట. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. అబద్ధమాడదామని ముందు అనుకున్నది కాదు. కానీ వచ్చినప్పుడు ఆయన యాసలోనే వచ్చింది, నా కోస్తా మాటలో రాలేదు. అచ్చం మల్లేశ్ అన్నట్టే ఉంది. నాకే నమ్మబుద్ధేసింది.

“తోకవు నువ్వు. వాన్ని ఇడిసిపెట్టి ఎట్లొస్తవ్?” అన్నారు సార్. పక్కనున్నవాళ్ళెవరో, “వానికేమైతది సార్, ఎవలతోనన్న ముచ్చట పెట్టుకోని ఉంటడు” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడైనా ‘ఛాతీలో బాగాలేదన్నాడు సార్’ అని ఒక్క ముక్క అని ఉంటే? ఎవరో ఒకరు బండెక్కి పోయి ఉండేవాళ్ళు. అనలేదు. అంటే, విడిచిపెట్టి వచ్చానని తెలిసిపోతుంది కదా. పరువు పోతుంది కదా. గ్లాసులో చాయ్ ఖాళీ చేసి ఇంకో చాయ్ అడిగాను.

చివరికి సారే ఉండబట్టలేక హోటలాయన బండి తీసుకుని వెళ్ళారు. వెనకాలే మేం చేరేసరికి ఇసుక కుప్ప చుట్టూ జనం. కట్టుబడి పనివాళ్ళు ఆయన మొహాన నీళ్ళు చల్లుతున్నారు. ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టర్ చూసి, ఆలస్యమైందన్నాడు. ఎంత ఆలస్యమని ఎవరూ అడగలేదు. నేను అసలే అడగలేదు.

దినం రోజు నాచారంలో వాళ్ళింటికి వెళ్ళాం. రేణుక గోడకానుకుని కూర్చుంది. ఒళ్ళో చిన్న పాప. నన్ను చూసి, “ఆఖరుకు నీతోనే ఉన్నడంట గదన్నా. ఏమన్నడు?” అని అడిగింది.

చెప్పడానికి దేవుడిచ్చిన సమయం అది. అందరి ముందూ అదే మాట మళ్ళీ చెప్పాను, ఈసారి తడబడకుండా.

“గట్లనే అంటడన్నా,” అని ఏడుస్తూనే నవ్వింది. “ఎవ్వలకు బరువు గావద్దంటడు.”

తేలు కుట్టిన దొంగలా తల దించుకుని బయటికి వచ్చాను. సార్ గుమ్మం బయట నిలబడి, “తప్పు నాదేరా, నేనే ఎనక ఉండాల్సింది” అన్నారు. ‘కాదు సార్’ అనలేదు. ఆయన ఆ తర్వాత పరుగుకు రావడం మానేశారు. రుమాలు నేను తీసుకున్నాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం తోకను నేనే, ఇంకెవరికీ ఇవ్వను. మల్లేశ్ మీద ఈయనకెంత ప్రేమో అంటారు గుంపులో. విని ఊరుకుంటాను.

మాట మాత్రం ఊరుకోలేదు. నా నోటినుంచి గుంపులోకి, గుంపులోనుంచి కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళలోకి పాకిపోయింది. ఎవరైనా అలిసి వెనకబడితే “నువ్వు పో అన్నా, నేనొస్త” అనడం అలవాటైంది. రాష్ట్రం వచ్చిన ఏడు, రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, గుంపుకు టీ షర్టులు కుట్టించారు. వీపు మీద ఆ మాట, కింద మల్లేశ్ పేరు. పంచడానికి రేణుకను పిలిచారు. ఆమె మొదటిది నా చేతిలో పెట్టింది. “ఈ మాట మా ఆయన నీతోనే అన్నడన్నా. ముందుగాల నువ్వే తొడుక్కో” అంది. అందరూ చప్పట్లు కొడుతుంటే తొడుక్కున్నాను.

ఆమెకు చెప్పాలా? ఎన్ని ఆదివారాలు అడుగడుగునా ఈ ప్రశ్న వేసుకున్నానో లెక్కలేదు. చెప్తే నా బరువు దిగుతుంది, నిజమే, కానీ భర్త మంచితనమనుకుని ఆమె దాచుకున్న ఒక్క మాటనూ లాక్కుని, దాని స్థానంలో ఆగమని బతిమాలుకుంటూ ఇసుకలో కూర్చున్న మనిషిని పెట్టాలి. చెప్పకపోతే? చెప్పకపోతే మల్లేశ్ ఎవరికీ బరువు కాకుండా, తనంతట తనే వెనక ఉండిపోయిన మనిషిగా మిగిలిపోతాడు. ఆయన అలాంటివాడు కాదు. బతకాలనుకున్నాడు. తోడుండమని అడిగాడు. ప్రాణం ఎలాగూ పోయింది, ఆ అడిగిన మాటను కూడా పోగొట్టింది నేను. రెండు దారుల్లో ఏదీ నాకు దారి కాదు. ఇక దొరుకుతుందన్న ఆశ కూడా లేదు.

ఇసుక కుప్ప ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు, లోపల కార్లు. ప్రతి ఆదివారం అక్కడ కాసేపు ఆగుతాను. బూటు లేసు కట్టుకుంటున్నాడనుకుంటారు ముందు పోయేవాళ్ళు. ఇప్పుడాగి ఎవరికేం లాభం? అయినా ఆగుతాను. తోకగా పరుగెత్తడంలో ఒక్కటే సుఖం, వెనక ఎవరూ ఉండరు కాబట్టి నా వీపు మీద ఏం రాసి ఉందో ఎవరికీ కనబడదు.

మీకు చెప్పేశాను. ఏమీ మారలేదు, రేపటి ఆదివారం మళ్ళీ అదే షర్టు వేసుకుంటాను. కానీ ఆయన నిజంగా అన్న మాటను నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. రాయనూ లేదు. ఇప్పుడు రాశాను. ఇంకొక్కసారి రాయనివ్వండి.

“జర ఆగన్నా” అన్నాడు మల్లేశ్. నేను ఆగలేదు.